హైబర్నేట్‌లో లోకల్‌డేట్ ఒక రోజు వెనక్కి జరుగుతోంది

హైబర్నేట్ 5 (జావా ఆబ్జెక్టులను డేటాబేస్ పట్టికల్లో భద్రపరిచే లైబ్రరీ), మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్ వాడుతున్నాను. జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే వర్చువల్ మెషీన్) టైమ్‌జోన్ యూటీసీ+5:30, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు. లోకల్‌డేట్ (జావాలో సమయం లేకుండా తేదీని మాత్రమే ఉంచే రకం) రకపు పుట్టినతేదీ ఫీల్డును డేట్ కాలమ్‌కు మ్యాప్ చేశాను. 2000-03-15 భద్రపరిస్తే పట్టికలో 2000-03-14 పడుతోంది. అదే తేదీని నేరుగా ఎస్‌క్యూఎల్‌తో చేర్చితే సరిగ్గానే ఉంటోంది. గంటలే లేని తేదీకి టైమ్‌జోన్‌తో పనేమిటో!

డేటాబేస్‌తో సమయాలు మార్చుకునేటప్పుడు ఏ టైమ్‌జోన్ వాడాలో చెప్పే ‘హైబర్నేట్.జేడీబీసీ.టైమ్_జోన్’ సెట్టింగు విలువ యూటీసీగా ఉంది. నా అనుమానం దాని మీదే. తీసేస్తే తేదీ కుదురుకుంటోంది, కానీ ఇన్‌స్టంట్ (ఒక కచ్చితమైన క్షణాన్ని ఉంచే జావా రకం) ఫీల్డులు డేట్‌టైమ్ కాలమ్‌లో స్థానిక సమయంతో నమోదవుతున్నాయి. అవి యూటీసీలోనే ఉండాలి. జేవీఎం మొత్తాన్ని యూటీసీకి మారిస్తే రెండూ సరిపోయాయి గానీ, అదే ప్రాసెస్‌లో నడిచే పాత మాడ్యూళ్ల నివేదికల్లో వేళలు తప్పాయి. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది.

యూటీసీ సెట్టింగును ఇన్‌స్టంట్ ఫీల్డులకే పరిమితం చేసి, లోకల్‌డేట్‌ను ఏ మార్పిడీ లేకుండా ఉన్నదున్నట్టు పంపించడం ఎలా?