గీజర్ పనికి కాలనీ ఎలక్ట్రీషియన్‌ను పిలవాలా, యాప్‌లో పిలవాలా?

వనస్థలిపురం అద్దెదారు:
నమస్కారం. మా స్నానాల గదిలో గీజర్ ప్లగ్గు కాలిపోయి, సాకెట్టు కరిగి దానికే అంటుకుపోయింది. నెల కిందట దాన్ని బిగించింది మా వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణం వారు పంపిన మనిషే. ఇప్పుడు ఫోన్ చేస్తే "రేపు వస్తానండి" అంటూ నాలుగు రోజులు గడిపాడు. ఇకమీదట యాప్‌లోనే పిలుద్దామనుకుంటున్నాను.

మల్కాజిగిరి గృహిణి:
యాప్‌లోనే పిలవండి. ధర ముందే తెలుస్తుంది.

ఐటీఐ వైర్‌మన్:
ముందు ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే మెయిన్ బోర్డు స్విచ్, ఆపేయండి. అది 6 ఆంపియర్ల సాకెట్టా, 16దా? 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది కనుక, పెద్ద ప్లగ్గు తీసేసి చిన్నది బిగించి 6 ఆంపియర్ల సాకెట్టులో పెడితే అది కరగక మానదు.

కూకట్‌పల్లి:
యాప్‌లో వచ్చినతను మమ్మల్ని కొత్త గీజర్ కొనమన్నాడు. బోరు నీళ్ల సున్నం పట్టిన ఎలిమెంటు (నీళ్లు వేడిచేసే కడ్డీ) మార్చి, పాత గీజర్‌నే నడిపించింది మా కాలనీ మేస్త్రి.

వనస్థలిపురం అద్దెదారు:
మీ మేస్త్రి మంచివాడు కావచ్చు. మావాడు బిగించే ముందు రోజు ఊరికే చూసి వెళ్లినందుకే 200 రూపాయలు అడిగాడు. పని చేయకుండా డబ్బెందుకు ఇవ్వాలి?

ఐటీఐ వైర్‌మన్:
పెట్రోలు పోసుకొని వచ్చి, టెస్టర్ పెట్టి లోపం కనిపెట్టడం పని కాదా? మా నాన్నగారు ఇరవై ఏళ్లు ఇలా ఉత్తచేతులతో ఇల్లు చేరారు. చూసినందుకు ఎవరూ ఇవ్వరని తెలిసినవాడు సామాను ధరలో కమీషన్ కలుపుకుంటాడు, లేదా రెండోసారి మీ ఫోన్ ఎత్తడు.

వనస్థలిపురం అద్దెదారు:
నాలుగు రోజులుగా చంటిపిల్లకు గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచి స్నానం చేయిస్తున్నాం. మీ నాన్నగారి కష్టం చెప్పి మా ఇంట్లో కాలిన సాకెట్టును సమర్థించకండి.

ఐటీఐ వైర్‌మన్:
సమర్థించడం లేదు, తప్పు అతనిదే. సాకెట్టు మీద ఏ అంకె ఉందో మీరు ఇంకా చెప్పలేదు.

వనస్థలిపురం అద్దెదారు:
6 అని ఉంది. పెద్ద సాకెట్టుకు బోర్డు నుంచి వేరే తీగ లాగాలని, దానికి ఖర్చవుతుందని అతను చెప్పిన మాట నిజమే. అద్దె ఇల్లు కదా అని నేనే వద్దన్నాను, బిగించినందుకు 500 అడిగితే 300 ఇచ్చాను. అయినా అలా బిగించడం కుదరదని గట్టిగా చెప్పి వెళ్లిపోవలసింది అతనే కదా?

ఐటీఐ వైర్‌మన్:
వెళ్లిపోవలసిందే. వెళ్లిపోయి ఉంటే ఆ రోజు అతనికి ఆ 300 కూడా వచ్చేవి కావు.