'బ్లూ బ్లడ్' 2007 రీమాస్టర్ కొనొచ్చా?

జపాన్ రాక్ బ్యాండ్ ఎక్స్ జపాన్ ఇంకా ఒట్టి 'ఎక్స్'గానే ఉన్న రోజుల్లో, 1988లో డ్రమ్మర్ యోషికి సొంత రికార్డ్ లేబుల్ ఎక్స్‌టసీ నుంచి వచ్చిన 'వానిషింగ్ విజన్' ఆల్బమ్ అంటే నాకు పిచ్చి. రికార్డింగ్ గరుకే, ఒప్పుకుంటా. కానీ తైజీ బేస్ గిటార్ ఎంత హాయిగా వినిపిస్తుందో! అందులో 'కురెనాయ్' పాట ఇంగ్లిష్‌లో ఉంటుంది; మరుసటి ఏడాది 'బ్లూ బ్లడ్'లో జపనీస్‌లో మళ్లీ పాడారు. అందరూ ఆ రెండో ఆల్బమే గొప్పదంటారు. నాకేమో అందులో డ్రమ్స్ పలచగా, బేస్ ఎక్కడో అడుగున పడిపోయినట్టు అనిపిస్తుంది (నా హెడ్‌ఫోన్స్ చవకవే అనుకోండి).

2007 రీమాస్టర్ (పాత రికార్డింగ్‌కే సౌండ్ సరిచేసి మళ్లీ విడుదల చేసింది), పాత సీడీ రెండూ విన్నవాళ్లెవరైనా ఉన్నారా? బేస్ కాస్తయినా పైకి తేలిందా, లేక ఊరికే సౌండ్ పెంచారా? జపాన్ నుంచి తెప్పించుకోవాలి, పోస్టేజీ తలుచుకుంటేనే టెన్షన్. అందుకే ముందే అడుగుతున్నా.