ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో రెండు రోజుల సైన్స్ శిబిరం: ఏం పట్టుకెళ్లాలి?

తార్నాక_ఫిజిక్స్: యూనివర్సిటీ నుంచి పది మందిమి జనవరిలో వెళ్దామనుకుంటున్నాం. ఆరు, ఏడు తరగతుల పిల్లలు 40 మంది. ప్రొజెక్టర్, వీడియోలు సిద్ధంగా ఉన్నాయి. ఇంకేం కావాలి?

నల్లకుంట_మాస్టారు: ప్రొజెక్టర్ ఇక్కడే ఉంచెయ్యి తమ్ముడూ. కరెంటు పోతే పూటంతా వృథా. ఉన్నా పిల్లల చేతులకు పనుండదు. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు (సన్నటి రబ్బరు గొట్టం) తీసుకెళ్లు. ట్యూబు ముక్కలతో పుల్లల్ని అతికి ఆకారాలు కట్టించొచ్చు. 1970లలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో, చవక వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా మొదలుపెట్టిన పద్ధతే.

నలుగురికో జట్టు, మొత్తం పది జట్లు. ఒక్కో జట్టు ఒక త్రిభుజాల పిరమిడ్ (6 పుల్లలు, 4 అతుకులు), ఒక సమఘనం (12 పుల్లలు, 8 అతుకులు) కడుతుంది. అంటే మొత్తం 180 పుల్లలు, అతుక్కొకటి చొప్పున 120 ట్యూబు ముక్కలు. ముక్క ఒకటిన్నర సెంటీమీటరు, అంటే 1.8 మీటర్ల ట్యూబు. చీలేవి, పోయేవి ఉంటాయి కాబట్టి 3 మీటర్లు కొను. పుల్లలు 250 ఉండాలి. చెక్కవే తీసుకో, మైనం పుల్లలు వంగిపోతాయి. తలమందు ఇక్కడే గీకెయ్యి. ట్యూబు లాగి చూసి కొను, పాతదైతే అప్పటికప్పుడే పగుళ్లు తేలుతుంది.

మూడు పుల్లల అతుకు దగ్గరే అందరూ ఆగిపోతారు. ముక్కకు చెరోవైపు పుల్లను అర సెంటీమీటరే దూర్చాలి. మధ్యలో తుమ్మముల్లుతో పొడిచి, మూడో పుల్ల కొన చెక్కి అందులోకి నెట్టాలి. మొదటి రెండూ లోపల తగులుకుంటే మూడోదానికి చోటుండదు, ట్యూబు చీలుతుంది.

త్రిభుజం నొక్కితే కదలదు, చతురస్రం వాలిపోతుంది. కారణం వెంటనే చెప్పెయ్యకు. ఇంకో పుల్ల ఇచ్చి దాన్ని గట్టిపరచమను. మూల నుంచి మూలకు పుల్ల పొడవు చాలదు. చతురస్రాన్ని వాల్చి రెండు త్రిభుజాలు చేస్తేనే సరిపోతుంది. ఆ సంగతి పిల్లలే కనిపెట్టాలి, పావుగంట పట్టినా పర్లేదు.

గోండి_అక్షరం: ముందు తేదీ చూసుకోండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. ఆ రోజుల్లో సగం తరగతి ఖాళీ. ఒకే గదిలో గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్లలు ఉండొచ్చు. అందుకని పెద్ద తరగతి పిల్లల్ని జట్టుకొకరిని కలపండి, భాష చూసి. గోండిలో రండ్, ముండ్, నాలుంగ్ అంటే మన రెండు, మూడు, నాలుగు. పుల్లలు ఆ మాటల్లోనే లెక్కపెట్టించండి, బెరుకు పోతుంది.

గోండిలో రాసిన కాగితాలు కూడా ఇవ్వాలనుకుంటే: గోండి భాషకున్న లిపుల్లో ఒకటైన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఫాంట్ లేని ఫోన్లో ఉత్త డబ్బాలే కనిపిస్తాయి, పీడీఎఫ్‌లో ఫాంట్ పొదిగి పంపండి. ఆ లిపి అందరికీ వస్తుందనుకోవద్దు, పక్కనే తెలుగు లిపిలోనూ వేయండి.

హబ్సిగూడ_అక్క: ఉట్నూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్ట్ ఆఫీసర్ పేరిట ఉత్తరం పెట్టండి: వెళ్లేవాళ్ల పేర్లు, తేదీలు, ఏం చేయిస్తారో. కాపీ హెడ్‌మాస్టర్‌కు. బాలికల బడి అయితే జట్టులో ఆడవాళ్లు తప్పనిసరి. పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు.

తార్నాక_ఫిజిక్స్: రాత్రి టెలిస్కోప్‌తో చంద్రుణ్ణి చూపిద్దామా?

నల్లకుంట_మాస్టారు: తప్పకుండా. శుక్ల సప్తమి, అష్టమి రోజులు చూసుకో. వెలుగు చీకట్ల సరిహద్దులో గుంటల నీడలు తెలుస్తాయి. పున్నమికి నీడలే ఉండవు, అంతా తెల్లగా కళ్లకు కొడుతుంది. మిగిలిన ట్యూబు అక్కడి సైన్స్ టీచర్‌కిచ్చి, ఎండ తగలని డబ్బాలో పెట్టమను. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది.