ఒకే జీతంతో చేరాం, ఇప్పుడు ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న – పాప అమ్మ
నేనూ నా సహోద్యోగీ ఒకే బ్యాచ్. ఒకే రోజు, ఒకే జీతంతో చేరాం. చదువులో నాకే మార్కులు ఎక్కువ. పాప పుట్టాక సెలవు పెట్టి, కొన్నాళ్లు సగం పూట చేసి, మళ్లీ పూర్తి పనిలోకి వచ్చాను. ఈ మధ్య అతని జీతం తెలిసింది. నాకన్నా బాగా ఎక్కువ. మేనేజర్‌ని అడిగితే "మీరెప్పుడూ అడగలేదుగా" అన్నారు. ఆడవాళ్లు గట్టిగా అడగరు, అందుకే వెనకబడతారని చాలామంది అంటారు. నిజంగా అంతేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు – కెరీర్ సలహా
అడగడం అవసరమే. అయితే ఒక సంగతి. లీబ్రాంట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తల ప్రయోగంలో, ప్రకటనలో "జీతం మాట్లాడుకోవచ్చు" అని రాసినప్పుడు ఆడవాళ్లు మగవాళ్లకు తీసిపోకుండా అడిగారు. అలా స్పష్టంగా రాయనప్పుడే తేడా వచ్చింది. మీ ఆఫీసులో పద్ధతి ఏమిటో ముందు రాతలో తెప్పించుకోండి.

జవాబు – జీతాల లెక్కలు చూసినామె
అమ్మా, తప్పు మీ మీద వేసుకోకండి. నేను చాలా ఏళ్లు జీతాల విభాగంలో పనిచేశాను. "అడగలేదు" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తేడా ఎంత అని కాదు, ఏ ఏడాది మొదలైంది అని చూడండి. ఆర్థికవేత్త హెన్రిక్ క్లెవెన్ బృందం డెన్మార్క్‌లో జనం సంపాదన రికార్డులు పరిశీలించింది. తొలి బిడ్డ పుట్టేదాకా ఆడ, మగ సంపాదనలు దాదాపు కలిసే నడిచాయి. ఆ తర్వాత ఆడవాళ్లది ఒక్కసారిగా పడి, ఏళ్లు గడిచినా మగవాళ్లకన్నా సుమారు 20 శాతం వెనకే ఉండిపోయింది. తండ్రుల సంపాదన మాత్రం పెద్దగా కదల్లేదు. చదువు తక్కువై కాదు. చాలా దేశాల్లో ఇప్పుడు యూనివర్సిటీల్లో అమ్మాయిలే ఎక్కువ.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ కారణం చెప్పారు: ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకు కొన్ని ఉద్యోగాలు గంటల లెక్కను మించి జీతం ఇస్తాయి. అమెరికాలో ఫార్మసిస్టుల సంగతి ఆమె, లారెన్స్ కాట్జ్ కలిసి రాశారు. సొంత దుకాణాలు తగ్గి, రికార్డులు కంప్యూటర్‌లోకి వచ్చాక ఒకరి బదులు ఇంకొకరు నిలబడగలుగుతున్నారు. అక్కడ తక్కువ గంటలు చేసినా గంటకు వచ్చే జీతం దాదాపు తగ్గదు. పని పంచుకునేలా ఉంటే తేడా తగ్గుతుందన్నమాట.

పాత జీతం స్లిప్పులు తీసి, ఏ ఏడాది ఎంత శాతం పెరిగిందో పక్కపక్కన రాసుకోండి.

జవాబు – ఇద్దరు పిల్లల నాన్న
మా ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే జీతం తక్కువున్నవాళ్లే ఆగాలి అనుకున్నాం. అంటే ప్రతిసారీ మా ఆవిడే. దాంతో ఆమె జీతం ఇంకా వెనకబడింది. ఇప్పుడు వంతులు వేసుకున్నాం. మా మేనేజర్ మొహం ముడుచుకున్నా సరే, నా వంతు వస్తే నేనే ఆగుతున్నాను.

పాప అమ్మ
స్లిప్పులన్నీ తీశాను. మీరన్నట్టే తేడా సెలవు ఏడాదిలోనే మొదలైంది. ఆ ఏడాది నాకు రేటింగ్ ఇవ్వలేదు, ఇంక్రిమెంట్ సున్నా. తర్వాత పెంచిన ప్రతి శాతమూ ఆ తగ్గిన జీతం మీదే పడింది! ఆ ఏడాది ఇంక్రిమెంట్ కలిపి జీతం మళ్లీ లెక్కగట్టమని ఉత్తరం రాస్తున్నాను. లెక్కల అక్కా, పంపేముందు ఒకసారి చూస్తారా?