చిలుకూరులో 11 చుట్లు తిరిగితే లాటరీ తగిలింది. ఇది ఎవరి ఖాతాలో రాయాలి?

లెక్క తప్పినోడు (మెహదీపట్నం):
2019లో నేను, ఆఫీసులో నా పక్క సీటతను ఒకే రోజు చిలుకూరు బాలాజీ గుడికి పోయి 11 ప్రదక్షిణలు చేశాం. ఇద్దరి కోరికా ఒక్కటే, అమెరికాలో ఉద్యోగానికిచ్చే వీసా, హెచ్‌1బి. ఏటా ఇచ్చేవి 65 వేలు, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు, అడిగేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. నాకు తగిలింది, అతనికి తగల్లేదు. "బాలాజీ కరుణించాడు" అంది మా అమ్మ. మరి అతని సంగతేంటంటే "అతనికి ఇంకా మంచిది రాసిపెట్టి ఉంటుంది" అంది. అంటే వచ్చినా దేవుడే, రాకపోయినా దేవుడే.

నేను నమ్మేవి కాగితం మీద రాసుకుని చూశాను. దేవుడికి అందరూ సమానం. మొక్కితే వింటాడు. వీసాల సంఖ్య మారదు, నా పేరు లోపలికి రావాలంటే ఇంకొకరి పేరు బయటికి పోవాలి. ఈ మూడూ ఒకచోట ఇమడట్లేదు. దేవుడు ఉన్నాడా లేడా అనే లొల్లి వద్దు, ఉన్నాడనే అనుకుని చెప్పండి, వీటిలో ఏది వదులుకోవాలి?

గుడిమల్కాపూర్ పంతులుగారబ్బాయి:
ఈ ప్రశ్న పాతదే అండీ. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయం మొదటి పాదంలోనే ఉంది, ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నాయా అని. లేవు, ఆయన జీవుల కర్మను బట్టి ఫలం ఇస్తాడు అని జవాబు. శంకరులు అక్కడ వానతో పోలుస్తారు. వాన అందరికీ ఒకేలా కురుస్తుంది, వరి మొలుస్తుందా యవలు (బార్లీ) మొలుస్తాయా అన్నది విత్తనాన్ని బట్టి. మీ విత్తనం వేరు, మీ స్నేహితుడిది వేరు.

లెక్క తప్పినోడు:
బాగుంది, కానీ అప్పుడు 11 చుట్లు ఎందుకు తిరిగినట్టు? అంతా నా కర్మే ఇచ్చేస్తే మొక్కు దండగ. మొక్కు వల్ల ఫలం మారిందంటే వాన నా పొలం మీద కొంచెం ఎక్కువ కురిసినట్టే కదా.

గుడిమల్కాపూర్ పంతులుగారబ్బాయి:
ప్రదక్షిణ కూడా కర్మే. విత్తనాల్లో అదీ ఒకటి.

లెక్క తప్పినోడు:
అతనూ అదే విత్తనం వేశాడు సార్, నాకన్నా శ్రద్ధగా. ఇక "పోయిన జన్మది" అంటారు. అది నిజమో కాదో తేల్చే దారి ఇద్దరికీ లేదు.

పాత నాస్తికుడు (సైదాబాద్):
తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇంకో ముక్క కలుపుతా. కర్మ తనంతట తానే ఫలం ఇవ్వగలిగితే మధ్యలో పంచిపెట్టడానికి ఈశ్వరుడెందుకని కుమారిల భట్టు ఎప్పుడో వాదించాడు. ఆయనేం నాస్తికుడు కాదు, వేదప్రామాణ్యం కోసం బౌద్ధులతో తలపడ్డ మీమాంసకుడు, అంటే వేదంలో చెప్పిన కర్మలే ముఖ్యమనే పండితుడు. నా మటుకు సూటిగా ఒకటే, రుజువు లేనిది నమ్మను. 1897 ఆగస్టు 20న ఇక్కడే సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. చూపించాడు కాబట్టి నమ్ముతాం.

మూసీ ఒడ్డు:
అన్నా, ఒక డౌటు. పోయినసారి కొత్త కారు ఫోటో పెట్టావు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. దానికి రుజువు ఏ దోమ కడుపులో దొరికింది?

పాత నాస్తికుడు:
అవి మా ఆవిడ పెట్టింది.

మూసీ ఒడ్డు:
బండి నడిపింది నువ్వే కదన్నా 😀 ఎగతాళికి కాదు. మా నాన్న మంచి విశ్వాసి, చర్చిలో ఎవరైనా సాక్ష్యం చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు, అదే ఎదురింటాయన దర్గాలో తావీజు కట్టించుకుంటే జ్వరం తగ్గిందంటే "మాత్ర వేసుకుని ఉంటాడులే" అంటాడు. ఎదురింటాయన కూడా మా నాన్న గురించి ఇదే మాట అంటాడు. సొంత అద్భుతానికి ఒక తూకంరాయి, పక్కోడి అద్భుతానికి ఇంకోటి. నా లెక్కలో పరీక్ష అంటే ఇదే, అందరం ఫెయిలే.

శాలిబండ అక్క:
మీరంతా దేవుడంటే పూర్తిగా మంచివాడు, న్యాయమూర్తి అని ముందే అనుకుని తర్వాత లెక్క కుదరట్లేదని కూర్చున్నారు. మా ఇంట్లో ఏటా బోనం ఎత్తుతాం. మా నానమ్మ ఏ రోజూ అమ్మవారు అందరికీ సమానం అనలేదు. ఒంటి మీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అనేది, తగ్గితే "అమ్మ చల్లబడింది" అనేది. రోగం ఇచ్చేదీ ఆమే, తీసేదీ ఆమే, అందుకే సాక (వేపాకు, పసుపు కలిపిన నీళ్లు) పోసి శాంతపరచడం. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడి కథ కూడా 1813 కలరాతోనే మొదలవుతుంది. ఈ నమ్మకం నిజమో కాదో వేరే సంగతి, తనలో తనకు మాత్రం తగువు లేదు. మీ మూడింట్లో మొదటిది తీసేస్తే మిగతా రెండూ హాయిగా ఇముడుతాయి.

ఇంకోటి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది పోయారు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. నిజాం మూసీకి పూజ చేశాడని చెప్పుకుంటారు, తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు, వరద ఆపడానికి గండిపేట కట్ట వచ్చింది. పూజ సరిపోతుందనీ అనుకోలేదు, మానేయనూ లేదు.

లెక్క తప్పినోడు:
అక్కా, మొదటిది తీసేయమనడం నీకు తేలిక. పక్షపాతం ఉన్న దేవుడికి నేను దండం పెట్టగలనా అన్నది నాకు కొత్త టెన్షన్. చెట్టెక్కిన నూటయాభై మందిలో నేనొకణ్ణి అన్నమాట, కింద కొట్టుకుపోయిన వాడి ముందు "నన్ను కాపాడాడు" అని ఎట్లా అనాలి?

శాలిబండ అక్క:
అనకు. నానమ్మ కూడా అట్లా అనేది కాదు. భయపడేది, అంతే.

మూసీ ఒడ్డు:
అన్నా, కోరిక తీరితే 108 తిరగాలి కదా, తిరిగావా?

లెక్క తప్పినోడు:
చీటీ మీద 40 వరకు టిక్కు పెట్టాను. అప్పుడే అతని ఫోన్ వచ్చింది, కంగ్రాట్స్ చెప్పడానికి. ఆ చీటీ ఇంకా పర్సులోనే ఉంది.

గుడిమల్కాపూర్ పంతులుగారబ్బాయి:
మిగిలిన 68 తిరగాలనిపిస్తే శుక్ర, శని, ఆదివారాలు మానుకోండి, జనం తోసేస్తారు.