అప్‌డేట్: మామయ్య క్యాసెట్‌లోని ‘డాలీ మై బేబీ’ దొరికింది

పోయిన నెల అడిగాను కదా, గుర్తుందా? మా మామయ్య పాత క్యాసెట్‌లో జమైకా గాయకుడు సూపర్ క్యాట్ పాట ‘డాలీ మై బేబీ’ మధ్యలో ఒక బరువైన గొంతు ర్యాప్ చేస్తుంది. పాటల యాప్‌లో 1992 నాటి ‘డాన్ దాదా’ ఆల్బమ్ పెడితే ఆ ముక్కే లేదు. యాప్ వాళ్లే కోసేశారేమో అనుకున్నా.

ఎవరూ ఏమీ కొయ్యలేదు. ఆల్బమ్ వదిలేసి రీమిక్స్‌లు చూడమన్నవాళ్లే కరెక్ట్. 1993లో వచ్చిన ‘బ్యాడ్ బాయ్’ రీమిక్స్ అది. ఆ గొంతు న్యూయార్క్ ర్యాపర్ నోటోరియస్ బి.ఐ.జి.ది! అప్పటికి అతని మొదటి ఆల్బమ్ కూడా రాలేదు, అది 1994లో. పఫ్ డాడీ, మేరీ జె. బ్లైజ్ కూడా ఉన్నారు. కింగ్‌స్టన్ డీజే (జమైకాలో మ్యూజిక్ మీద మాటలు పాడేవాళ్లని అలా అంటారు) పాటలోకి న్యూయార్క్ ర్యాపర్లు దూరినా, నడక మాత్రం సూపర్ క్యాట్‌దే. నిన్న రాత్రి నాలుగుసార్లు విన్నా.

క్యాసెట్ స్పీడ్ తేడా అనీ, వీపీఎన్‌తో వేరే దేశం యాప్‌లో చూడమనీ కొందరిచ్చిన సలహాలకి దీనితో సంబంధం లేదు. క్యాసెట్ ప్లేయర్ హెడ్ తుడిచాక శబ్దం మాత్రం శుభ్రపడింది, అదొక లాభం.

ఇక ‘అది సింగర్ అపాచీ ఇండియన్’ అని గట్టిగా వాదించినవాళ్లకి: అపాచీ ఇండియన్ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పంజాబీ, వేరే మనిషి. సూపర్ క్యాట్‌ని ‘వైల్డ్ అపాచీ’ అంటారు, ఆ అభిమానంతోనే అపాచీ ఇండియన్ ఆ పేరు పెట్టుకున్నాడు. సూపర్ క్యాట్‌ది కూడా కొంత భారతీయ మూలమే కాబట్టి తికమక సహజం.

అందరికీ థాంక్స్. మామయ్యకి లింక్ పంపా, ‘నా క్యాసెట్ ఎప్పుడిస్తావు’ అని రిప్లై వచ్చింది.