సెల్ఫ్ అసెంబ్లీ: కూర్పా, అమరికా?

అడిగినవారు: క్యాన్సర్ మందుల మీద ఒక తెలుగు వ్యాసం దిద్దుతున్నాను. 'సెల్ఫ్ అసెంబ్లీ'ని రచయిత 'స్వీయ కూర్పు' అన్నారు. చెవికి ఆనడం లేదు. సంగతేమిటంటే, తులసి ఆకులోనూ ఆపిల్ తొక్కలోనూ ఉండే అర్సోలిక్ ఆమ్లం నీళ్లలో కరగదు. ఆల్కహాల్‌లో కరిగించి, తిప్పుతున్న నీళ్లలో చుక్కచుక్కగా వదిలితే, నీళ్లు గిట్టని ఆ అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని నానో కణాలవుతాయి. అక్కడే డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు ఉంటే దాన్నీ తమలో కలుపుకుంటాయి. మోసుకెళ్లడానికి వేరే తొడుగు అక్కర్లేదు, మోసేదీ మందే.

మాస్టారు: చెవికి ఆనకపోవడం సబబే. 'కూర్చు' సకర్మకం. దండ కూర్చాలంటే చెయ్యి కావాలి, ముందు 'స్వీయ' తగిలించినా ఆ చెయ్యి పోదు. మనకు జంట క్రియలున్నాయి: పేరు–పేర్చు, అమరు–అమర్చు. జంటలో మొదటిది ఎవరూ చేయకుండా జరిగేది. నా ఓటు 'పేరు'కే. చలికాలం నెయ్యి పేరుతుంది, ఎవరూ పేర్చరు.

ఫార్మసీ మేడమ్: నెయ్యి పోలిక బాగుంది మాస్టారూ, కానీ ల్యాబ్‌లో పేరుకోవడమే మా తలనొప్పి! కణాలు అతుక్కుని, గడ్డకట్టి అడుక్కి దిగితే అది అగ్రిగేషన్. చెత్త పేరుకుపోయింది అంటామే, అచ్చం అదే. సెల్ఫ్ అసెంబ్లీలో ఒక వరస ఉంటుంది. అతిమధురం వేరులోని గ్లిసిరైజిన్‌నే చూడండి. దాని చక్కెర కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు పడదు. పడని కొసలు లోపలికి, ఇష్టపడేవి బయటికి తిరిగి మిసెల్ అనే బుల్లి ఉండ అవుతుంది. ఆ లోపలి చోట్లో పాక్లిటాక్సెల్ లాంటి నీళ్లలో కరగని క్యాన్సర్ మందు ఒదుగుతుంది. పాత పాక్లిటాక్సెల్ ఇంజెక్షన్‌లో ఆ పని ఆముదం నుంచి చేసిన క్రెమోఫోర్‌ది. దానివల్ల కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది కాబట్టే ఇంత వెతుకులాట. కాబట్టి 'అమరు'.

అడిగినవారు: 'అమరిక'లోనే ఎవరూ చేయనిదనే అర్థం ఉంటే 'స్వయం' తీసేయనా?

మాస్టారు: వద్దండీ. కుర్చీల అమరిక అంటున్నాం, కుర్చీలు వాటంతటవి అమరవుగా! వాడుకలో గీత చెరిగిపోయింది. నామవాచకంతో కుస్తీ ఎందుకు, 'అణువులు తమంతట తామే అమరుతాయి' అని రాసేయండి.

ఫార్మసీ మేడమ్: రెండు మందులు కలిపి వాడే కాంబినేషన్‌కు 'సమ్మేళనం' మాత్రం వద్దు, కెమిస్ట్రీ పాఠంలో అది కాంపౌండ్. 'జోడు మందులు' చాలు.

అడిగినవారు: సరే. శీర్షికలో మాత్రం 'స్వయం అమరిక' పెడతాను. ప్రూఫులో అది 'అమెరికా' కాకుండా చూసుకోవాలి.